ఇబ్బందిలో ఉన్నవారికి గడువు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఉపాధిని ప్రసాదించేవాడు ఆయనే. దానిని విస్తృతపరచేవాడు, కుదించేవాడు కూడా ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

సోదరులారా, పరదా వెనుక కూర్చుని వింటున్న సోదరీమణులారా! 

గత కొన్ని వారాలుగా జుమా నమాజు ముగిసిన తరువాత మసీదు మెట్ల దగ్గర, చెప్పులు తొడుక్కునే చోట జరిగే సంభాషణలను మనమందరం వింటూనే ఉన్నాము. బట్టల దుకాణం నడిపే సోదరుడు ఈ ఏడాది రంజాను బేరాలు కూడా నిరుటిలా లేవని అంటున్నాడు. వెల్డింగు పనిచేసే యువకుడు వారంలో మూడు రోజులే పని దొరుకుతున్నదని చెబుతున్నాడు. కుమారుని ఇంజనీరింగు చదివించిన తండ్రి, పిల్లవాడు రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడని చెప్పడానికి సిగ్గుపడి మాట మార్చుతున్నాడు. ఎవరూ బిగ్గరగా ఏడవడం లేదు. కానీ "దేశం పరిస్థితి ఏమవుతుందో" అన్న మాట ప్రతి సంభాషణ చివర వినిపిస్తున్నది.

పత్రికలలో దేశ వృద్ధి రేటు గురించి ఒక అంకె వస్తుంది. మన బజారులో మరొకటి కనబడుతుంది. ఈ రెండింటిలో ఏది నిజమని తేల్చడం ఈ మింబరు పని కాదు. మేము ఆర్థికవేత్తలం కాము. రెండూ నిజమే కావచ్చు కూడా. దేశం మొత్తం మీద సంపద పెరుగుతూ ఉండగానే ఒక వీధిలోని ఇళ్లలో పొదుపు కరిగిపోవచ్చు. భారతీయ రిజర్వు బ్యాంకు 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2022-23లో మన దేశపు కుటుంబాల నికర ఆర్థిక పొదుపు స్థూల దేశీయోత్పత్తిలో 5.1 శాతానికి పడిపోయింది. అంతకు ముందు ఏడాది అది 7.2 శాతం. దాదాపు ఐదు దశాబ్దాలలో అంత తక్కువ ఎన్నడూ లేదని అప్పుడు చెప్పుకున్నారు. నికర పొదుపు అంటే కుటుంబాలు దాచుకున్న దానిలో నుంచి అవి చేసిన అప్పును తీసివేయగా మిగిలినది. అంటే ఇళ్లలో దాచుకోవడం కన్నా అప్పు చేయడం వేగంగా పెరిగింది. ఈ సంగతి మన కిరాణా కొట్టు యజమానికి రిజర్వు బ్యాంకు చెప్పకముందే తెలుసు. ఆయన అరువు పుస్తకంలో పేజీలు అంతకంతకూ నిండుతున్నాయి కదా!

కనుక నేడు మనము దేశ ఆర్థిక స్థితి గురించి మాట్లాడుకోబోయేది ఆ అరువు పుస్తకం దగ్గర నిలబడి. ఎందుకంటే దేశానికి వచ్చిన బలహీనత సామాన్యుని గడప దాకా వచ్చేసరికి అప్పు రూపం ధరిస్తుంది. అక్కడే మన విశ్వాసానికి పరీక్ష ఉన్నది.

సోదరులారా! మన పెద్దలకు 1991 జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది. కువైట్‌లో బ్రతుకుతున్న మనవారు 1,70,000 మందికి పైగా విమానాలలో తిరిగి వచ్చారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో ఎన్నో ఇళ్లకు ప్రతి నెలా వచ్చే డబ్బు ఒక్కసారిగా ఆగిపోయింది. దేశానికి కూడా అదే జరిగింది. అప్పటికే బలహీనంగా ఉన్న విదేశీ మారక నిల్వలు మరుసటి ఏడాది రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే స్థితికి దిగజారాయి. అప్పుడు ఈ దేశం చేసిన పని ఏమిటి? కష్టకాలంలో మన తల్లులు చేసే పనే చేసింది. బంగారం తాకట్టు పెట్టింది. మొదట మే నెలలో 20 టన్నులు స్విట్జర్లాండు బ్యాంకుకు, తరువాత జూలైలో సుమారు 47 టన్నులు ఇంగ్లండుకు తరలిపోయాయి. జూన్‌లో మన తెలుగువారైన పి.వి. నరసింహారావు గారు ప్రధాని పదవి చేపట్టారు. జూలై మొదటి వారంలోనే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించవలసి వచ్చింది. ఆ నాడు ఎందరో అవమానంగా భావించారు. కానీ తాకట్టు పెట్టిన దేశం అప్పు తీర్చి నిలదొక్కుకున్నది. 2009లో అదే దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది.

ఈ సంఘటనను మేము ఎందుకు ప్రస్తావిస్తున్నామంటే, మన మహల్లాలో ఎందరో సోదరీమణులు పెళ్లినాటి గాజులను, చివరకు మెడలోని లచ్చాను కూడా గోల్డ్ లోన్ ఆఫీసులో పెట్టి, ఎవరికీ తెలియకూడదని మెడకు దుపట్టా చుట్టుకుని తిరుగుతున్నారు. వారికి ఒక్క విషయం చెప్పవలసి ఉన్నది. దైవప్రవక్త (స) ఈ లోకాన్ని వీడి వెళ్లిన నాటికి ఆయన కవచం మదీనాలోని ఒక యూదుని వద్ద ముప్ఫై సాల బార్లీ కోసం తాకట్టులో ఉన్నది. ఈ విషయం బుఖారీ హదీసు గ్రంథంలో ఉన్నది. అరేబియా అంతా ఎవరి మాటకు తలవంచిందో, ఆయన ఇంట్లో బార్లీ పిండి కోసం కవచం కుదువ పెట్టవలసి వచ్చింది! అందుచేత అవసరానికి వస్తువును కుదువ పెట్టడం తలవంపు కాదు. ఆ కుదువకు వడ్డీ తగిలించడమే సమస్య. దాని సంగతి ముందు వస్తుంది. ఇక ఆ బార్లీ ఇచ్చినవాడు మరొక ధర్మానికి చెందిన పొరుగువాడన్నది కూడా మనము గమనించాలి. ఇచ్చిపుచ్చుకోవడంలో నమ్మకానికి మతం అడ్డు కాలేదు.

రూపాయి గురించి రెండు మాటలు. 2022 జూలైలో ఒక డాలరు విలువ 80 రూపాయలు దాటింది. 2025 డిసెంబరులో 90 దాటింది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 చొప్పున కట్టి ఉన్నది. కనుక డాలరు పెరిగితే రియాల్ కూడా పెరుగుతుంది. రియాద్‌లోనో దమ్మామ్‌లోనో డ్రైవరుగా ఉన్న మన సోదరుడు అదే జీతం పంపినా ఇక్కడ ఇంట్లో ఎక్కువ రూపాయలు చేతికి వస్తున్నాయి. ఆ ఇంట్లో సంతోషం సహజం. కానీ ఈ దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా, వంట నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తున్నాయి. వాటికి డాలర్లలోనే చెల్లించాలి. రూపాయి పడిపోయినప్పుడు ఆ భారం లారీ కిరాయి మీదుగా, పామాయిల్ ప్యాకెట్ మీదుగా ఆ గల్ఫు ఇంటికీ, దాని పక్కనే ఉన్న రిక్షా కార్మికుని ఇంటికీ సమానంగా చేరుతుంది. తేడా ఏమిటంటే, మొదటి ఇంటికి పెరిగిన రాబడి ఉన్నది. రెండవ ఇంటికి లేదు. ఒకే గోడకు ఇటు ఒక ఇల్లు, అటు ఒక ఇల్లు. గోడకు ఇటువైపు వచ్చిన అదనపు రూపాయలలో అటువైపు ఇంటి హక్కు కొంత ఉన్నదని తలచే గృహిణులు మన మహల్లాలో ఉన్నారు, అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక! తలచనివారికి ఈ జుమా నాడు గుర్తు చేస్తున్నాము.

ఇక భయం సంగతి. రేపటి గురించి ఆలోచించడం తప్పు కాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడు పంటల సంవత్సరాలలో ధాన్యాన్ని వెన్నులోనే నిల్వ చేయించి ఏడు కరువు సంవత్సరాలు దాటించిన ఉదంతం దివ్య ఖురాన్‌లోనే ఉన్నది. అది ప్రజలందరి కోసం చేసిన ముందుచూపు. భయంతో దాచుకోవడం వేరు. షైతాను మనుషులను పేదరికంతో బెదిరిస్తాడని, నీచకార్యాలకు పురికొల్పుతాడని బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ బెదిరింపు ఎలా పనిచేస్తుందో 2022లో మనము కళ్లారా చూశాము. యుక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను ఆపివేసింది. ఆ నిషేధం నాలుగు వారాలు కూడా నిలవలేదు. కానీ ఆ వార్త రాగానే డబ్బున్నవారు డబ్బాలు డబ్బాలుగా కొని ఇళ్లలో పేర్చుకున్నారు. కొందరు వ్యాపారులు సరుకును వెనుక గదిలోకి జరిపారు. ధర పెరగాలని సరుకును దాచిపెట్టేవాడు పాపాత్ముడని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర నిర్ణయించమని ప్రజలు ఆయనను కోరగా, ధరలను నియంత్రించేవాడు అల్లాహ్ అనీ, ఎవరి రక్తం విషయంలోనూ ఎవరి సొమ్ము విషయంలోనూ తన మీద అన్యాయపు ఫిర్యాదు లేకుండా ప్రభువును కలుసుకోవాలని కోరుకుంటున్నాననీ అన్నారు. ధర విషయంలో వర్తకుని మీద కూడా అన్యాయం జరగరాదన్నంత జాగ్రత్త ఆయనది. అంతటి గౌరవం పొందిన వర్తకుడు వెనుక గదికి తాళం వేస్తే ఏమనాలి?

సోదరులారా! ఇప్పుడు అసలు విషయానికి వద్దాము.

దైవప్రవక్త (స) నమాజులో తరచుగా పాపం నుంచీ అప్పు నుంచీ అల్లాహ్ శరణు కోరేవారు. అప్పు నుంచి ఇంతగా ఎందుకు శరణు కోరుతున్నారని ఒకరు అడిగారు. మనిషి అప్పులో పడినప్పుడు మాట్లాడితే అబద్ధం చెబుతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని ఆయన సమాధానమిచ్చారు. ఎంత నిశితమైన మాట! అప్పు మొదట తినేది మనిషి మాటను. అప్పులవాడు వస్తున్నాడని తెలిసి, "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లవానికి చెప్పిన తండ్రి, ఆ పిల్లవానికి మొదటి అబద్ధం నేర్పినవాడవుతాడు. ఇది ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. మనలో ఈ స్థితి ఎరుగని కుటుంబం అరుదు.

మన ప్రాంతంలో అప్పు ఎలా దొరుకుతుందో చూడండి. నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకు. లక్ష తీసుకున్నవాడు ఏడాదికి 60,000 వడ్డీ కట్టిన తరువాత కూడా ఆ లక్ష అలాగే నిలిచి ఉంటుంది. బండి మీద పండ్లు అమ్మేవానికి రోజువారీ ఫైనాన్సు మరొక తీరు: చేతికి ఎనిమిదిన్నర వేలు ఇచ్చి, రోజుకు నూరు చొప్పున నూరు రోజులలో పదివేలు వసూలు చేస్తారు. వర్షం పడి బండి కదలని రోజు కూడా ఆ నూరు ఆగదు. సూక్ష్మ రుణాల పేరుతో గ్రూపులలోని మహిళలపై జరిగిన వసూళ్లు ఎంత కఠినమయ్యాయంటే, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్ల తరువాత, 2020 చివర, కరోనాతో ఉపాధి పోయిన యువకులు ఫోనులో యాప్‌ల ద్వారా అప్పు తీసుకుని, బంధువులందరికీ అవమానకరమైన సందేశాలు వెళ్లడంతో ప్రాణాలు తీసుకున్న ఘటనలు హైదరాబాద్‌లోనూ జరిగాయి. సాధనం మారింది, రిబా స్వభావం మారలేదు. ఇబ్బందిలో ఉన్న మనిషి ఇబ్బందినే అది పంటగా పండించుకుంటుంది.

వడ్డీ నిషిద్ధమని ఈ మింబరు మీద నుంచి ఎన్నోసార్లు చెప్పాము. విన్నవారు తల ఊపారు. కానీ మనల్ని మనము ఒక ప్రశ్న వేసుకోవలసి ఉన్నది. కుమార్తెను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి ఒక సోదరుడు ముందుగా మన తలుపులే తట్టాడు. మనము అతనికి వడ్డీ హరామ్ అని చెప్పాము, డబ్బు మాత్రం ఇవ్వలేదు. అప్పుడతడు వడ్డీ వ్యాపారి తలుపు తట్టాడు. అతని అప్పులో మన పాత్ర ఏమీ లేదా? రిబాను నిషేధించిన ఖురాన్ ఆ వెంటనే, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే అతని పరిస్థితి మెరుగుపడే దాకా గడువు ఇవ్వమని ఆదేశించింది. మాఫీ చేస్తే అది మీకు మరింత శ్రేయస్కరమని చెప్పింది. ఆ తరువాతి ఆయతులలో ఒకటి ఖురాన్ అంతటిలోకీ అతి పెద్ద ఆయతు. అది దేని గురించి? అప్పును కాగితం మీద వ్రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. ఈ క్రమాన్ని గమనించండి. వడ్డీని నిషేధించి విడిచిపెట్టలేదు. వడ్డీ లేని అప్పు ఎలా నడవాలో అల్లాహ్ మనకు నేర్పాడు. సోదరుల మధ్య వ్రాతలెందుకని మొహమాటపడి, తరువాత కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములను మేము చూశాము. వ్రాసుకోవడం అపనమ్మకం కాదు, దైవాజ్ఞ.

పూర్వం ఒక వర్తకుడు ఉండేవాడని దైవప్రవక్త (స) తెలిపారు. అతడు ప్రజలకు అరువు ఇచ్చేవాడు. వసూలుకు పంపే పనివారితో, ఇబ్బందిలో ఉన్నవాడు కనబడితే చూసీచూడనట్లు వదిలేయండి, అల్లాహ్ మనలను కూడా అలాగే వదిలేస్తాడేమో అనేవాడు. అల్లాహ్ అతనిని క్షమించాడు. ఆ వర్తకుని నమాజుల సంఖ్య గురించి, ఉపవాసాల సంఖ్య గురించి ఆ హదీసులో ప్రస్తావన లేదు. ఉన్నది అతని అరువు పుస్తకం ఒక్కటే.

గడువు ఇమ్మన్నామని అప్పు తీసుకున్నవారు తేలికపడరాదు. చెల్లించే స్తోమత ఉండి వాయిదా వేయడం దౌర్జన్యమని కూడా దైవప్రవక్త (స)యే అన్నారు. ఒక వ్యక్తి జనాజా తీసుకువచ్చినప్పుడు అతని మీద రెండు దీనార్ల అప్పు ఉన్నదని తెలిసి ఆయన నమాజు చేయించడానికి ముందుకు రాలేదు. మీ సహచరునికి మీరే నమాజు చేయండి అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతనే నమాజు చేయించారు. రెండు దీనార్లు! మన ఊళ్లో కొత్త కారు కొని, మేస్త్రీకి ఇవ్వవలసిన కూలి మూడు నెలలు ఆపినవారు ఉన్నారు. కార్మికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త ఉమ్మత్ మనది. వ్యాపారం మందగించగానే మొదట కోత పడేది పనివాని జీతం మీదనే. యజమాని ఇంటి ఖర్చు మీద ఆ కోత చివరకు పడుతుంది, లేదా పడనే పడదు. ఇక్కడ మేము ఒక సంగతి దాచకుండా ఒప్పుకోవాలి. గడచిన శీతాకాలంలో చందాలు తగ్గాయన్న కారణంతో ఒక మసీదులో ముఅజ్జిన్ గారి జీతం రెండు నెలలు ఆగింది. అదే సమయంలో కొత్త కార్పెట్టు వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవారిలో మేమూ ఉన్నాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.

అప్పులకు మనము స్వయంగా తెరచిన ద్వారం ఒకటున్నది: వివాహం. దేశ ఆర్థిక స్థితి ఎలా ఉన్నా మన ఫంక్షన్ హాళ్ల అద్దె తగ్గదు. జోడా డబ్బులు, జహేజ్ సామాను, రెండు రకాల బిర్యానీ. వీటి కోసం ఐదేళ్లు వడ్డీ కట్టే తండ్రిని ప్రపంచ చమురు ధర ముంచలేదు, మనమే ముంచాము. ఈ సంగతి మీద ప్రత్యేకంగా ఒక జుమా ప్రసంగం ఉన్నది గనుక ఇక్కడ ఇంతటితో ఆపుతున్నాము.

అలాగే భయపడిన మనిషి దురాశకు సులభంగా దొరుకుతాడు. హలాల్ లాభం పేరుతో, నెలనెలా బ్యాంకు కన్నా ఎన్నో రెట్లు ఇస్తామని చెప్పి, గడ్డాలూ సలాములూ చూపించి వేలాది కుటుంబాల సొమ్ము సేకరించిన సంస్థలు కూలిపోవడం కొన్నేళ్ల క్రితం మనము చూశాము. వితంతువుల పొదుపులు, హజ్ కోసం దాచుకున్న డబ్బు అందులో పోయాయి. నిజమైన వ్యాపార భాగస్వామ్యంలో నష్టం వచ్చే అవకాశం కూడా ఉంటుంది. ప్రతి నెలా స్థిరమైన లాభం ఖాయమని ఎవరైనా అంటే, అది పేరు మార్చుకున్న వడ్డీ అయినా కావాలి, మోసమైనా కావాలి.

హిజ్రీ 18వ సంవత్సరంలో మదీనాను, దాని పరిసరాలను తీవ్రమైన కరువు పీడించింది. ఆ ఏడాదికి రమాదా సంవత్సరమని పేరు. నేల బూడిద రంగుకు మారినందున అలా పిలిచారంటారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు తిండి దొరికే దాకా నెయ్యి ముట్టనని ప్రమాణం చేశారు. రొట్టె, నూనెతో గడిపి ఆయన శరీరచ్ఛాయ మారిపోయింది. ఆ ఏడాది పశువుల జకాత్ వసూలును ఆయన వాయిదా వేశారు. పాలకుడే బాకీదారులకు గడువు ఇచ్చాడన్నమాట. అధికారంలో ఉన్నవారు సామాన్యుని కష్టాన్ని అంకెలలో కాక తమ పళ్లెంలో చూడగలిగితే ఎలా ఉంటుందో ఆ ఏడాది చూపుతుంది. మన చేతిలో ఖలీఫా అధికారం లేదు. మన పళ్లెం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

మరి మనము చేయగలిగినది ఏమిటి? యెమెన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారిని గురించి దైవప్రవక్త (స) ఎంతో ప్రేమగా మాట్లాడారు. ప్రయాణంలో ఆహారం తరిగినా, మదీనాలో ఇంటివారికి తిండి తక్కువైనా, వారు తమ వద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడిని అని ఆయన అన్నారు. అందరి దగ్గరా తక్కువగా ఉన్నప్పుడు వారు చేసిన పని ఇది. మిగులు ఉన్నప్పుడు చేసినది కాదు.

దీనిని అనుసరించి మన మసీదులో ఖర్జె హసనా నిధిని ప్రారంభించాలని సంకల్పించాము. స్తోమత ఉన్నవారు తమ డబ్బును ఏడాది పాటు అమానతుగా ఉంచుతారు. దానికి వడ్డీ ఉండదు, లాభం ఉండదు. తిరిగి కావాలంటే నెల ముందుగా చెబితే చాలు. అందులో నుంచి వైద్యం, ఫీజులు, చిన్న వ్యాపారం, వడ్డీ అప్పు నుంచి విముక్తి కోసం అప్పు ఇవ్వబడుతుంది. వివాహ విందుల కోసం ఇవ్వబడదు. ప్రతి అప్పూ ఇద్దరు సాక్షుల ఎదుట కాగితం మీద ఉంటుంది. ఎవరు తీసుకున్నారన్నది మాత్రం ఆ ముగ్గురు నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. ముస్లిమేతర పొరుగువారు వచ్చి అడిగినా తలుపు తెరిచే ఉంటుంది. ప్రవక్త (స)కు బార్లీ ఇచ్చిన మదీనా పొరుగువానిని మనము మరువరాదు.

జకాత్ గురించి కూడా ఒక స్పష్టత అవసరం. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒక వర్గమని తౌబా సూరాలో ఉన్నది. మనము రంజానులో చీరలూ రేషన్ కిట్లూ పంచుతాము గానీ అప్పులలో కూరుకున్న మర్యాదస్తుడు వరుసలో నిలబడడు గనుక అతనిని మరచిపోతాము. కొందరు సోదరులు, ఫలానా వ్యక్తి మాకు ఇరవై వేలు బాకీ, అతడు ఎలాగూ ఇవ్వలేడు, దానినే జకాత్ కింద రాసుకోవచ్చా అని అడుగుతున్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అలా చెల్లదు. జకాత్ సొమ్ము అర్హుని చేతికి అతని సొంతంగా అందాలి. కనుక అతనికి ఇరవై వేలు జకాత్‌గా చేతిలో పెట్టండి. అది అతనిది అయిన తరువాత అతడు మీ బాకీ తీరిస్తే మంచిది. ముందుగా షరతు పెట్టరాదు. ఇలా చేస్తే అతని అప్పూ తీరుతుంది, మీ జకాత్ కూడా నెరవేరుతుంది.

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉన్నది. దైవప్రవక్త (స) ఒకనాడు నమాజు వేళ కాని సమయంలో మసీదులోకి వచ్చి, అక్కడ ఒంటరిగా కూర్చున్న అబూ ఉమామా (రజి)ను చూశారు. నమాజు వేళ కాదు కదా, ఇక్కడ కూర్చున్నావేమని అడిగారు. చింతలు, అప్పులు నన్ను అంటిపెట్టుకున్నాయి, ఓ దైవప్రవక్తా అని ఆయన చెప్పుకున్నారు. అప్పుడు దిగులు, దుఃఖం, అసమర్థత, సోమరితనం, పిరికితనం, పిసినారితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం వీటన్నిటి నుంచి అల్లాహ్ శరణు కోరే దుఆను ఉదయం, సాయంత్రం చదవమని ఆయన నేర్పారు. ఆ దుఆ ప్రతిని మసీదు నోటీసు బోర్డు మీద అంటించాము.

ఈ రోజులలో జుహర్‌కూ అస్ర్‌కూ మధ్య మన మసీదు స్తంభాల దగ్గర ఆనుకుని కూర్చునేవారు ఎక్కువయ్యారు. నడివయసువారు, పని ఉండవలసిన వేళ పని లేనివారు. ఇన్ని రోజులూ మేము వారిని చూసి సలాము చెప్పి దాటిపోయాము. ఎందుకు కూర్చున్నారని అడగలేదు. ఇకపై అడుగుదాము.

ఓ అల్లాహ్! అప్పులలో ఉన్నవారికి తీర్చే మార్గం చూపు. అప్పు ఇచ్చినవారి హృదయాలను విశాలం చేయి. ఉపాధి కోసం దూరదేశాలలో ఉన్న మా సోదరులను కాపాడు. ఈ దేశ ప్రజలందరికీ, మా పొరుగువారందరికీ అన్నవస్త్రాలలో శుభం ప్రసాదించు. ఆమీన్.

నిధి కోసం పేర్లు వ్రాసుకునే రిజిస్టరు నమాజు తరువాత ఎడమవైపు వరండాలో ఉంటుంది. అప్పు అవసరమైనవారు ఇషా తరువాత విడిగా రావచ్చు. సోదరులారా, సఫ్‌లు సరిచేసుకోండి.